జొన్న పేలాల పెళ్లిపందిరి

పోయిన నెలలో ప్రొద్దుటూరులో మా చెల్లెలి మనవరాలి పెళ్లికి వెళ్లినప్పుడు, వేదిక మీద కట్టిన పూలగోడ చూసి ఉండబట్టలేక, అందరూ భోజనాలకు లేచిన సందడిలో మెల్లగా దాని వెనక్కు పోయి నిలబడ్డాను. ముందువైపు గులాబీరంగు, లేతపసుపు, తెలుపు, నాకు పేరు తెలియని ఊదారంగు పూలు గుత్తులు గుత్తులుగా విరగబూసి ఉన్నాయి. వెనకవైపు చూస్తే ఇనుపచట్రం, దానికి ప్లాస్టిక్ జాలీ, జాలీకి పూలను బిగించిన తీగముళ్లు. ఒక పువ్వును పట్టి చూశాను. గుడ్డ. రేకు అంచును సన్నగా మాడ్చి, నిజం పువ్వులాగే కాస్త ముడుచుకునేట్టు చేశారు. దేనితో మాడ్చి ఉంటారు, కొవ్వొత్తితోనా, కాల్చిన కడ్డీతోనా అని ఆలోచిస్తుండగానే మా చెల్లెలు వచ్చి, డెబ్బయ్యేళ్లు దాటినా నీకీ వెనక్కు పోయి చూసే బుద్ధి పోలేదంటూ చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

నిజమే, పోలేదు. ఏ అలంకారం చూసినా అది దేనితో చేశారు, ఎట్లా నిలబడింది అని నాకు ఆరా. ఆ ఆరా నాకు అంటించింది మా మేనత్త. భోజనాల బల్ల ముందు కూర్చున్నానే గాని, ఆ పూట నేను తిన్నదేమిటో గుర్తు లేదు. మా అక్క పెళ్లి, ఆ పెళ్లికి అత్త కట్టిన పందిరి కళ్ల ముందు ఆడుతూ ఉన్నాయి.

మా ఊరు లింగాల దగ్గర. అత్త నాయన కంటే ఆరేళ్లు పెద్దది. పదమూడో ఏట పెళ్లి చేసి పంపితే, రెండేళ్లు తిరక్కుండానే భర్త పోయి పుట్టింటికి తిరిగి వచ్చింది. నాకు ఊహ తెలిసేనాటికి మా ఇంట్లో ఆమె చెయ్యి పడని పని లేదు. కానీ శుభకార్యం అనగానే ఆమె చోటు వెనకింటికి మారిపోయేది. అరిసెల పాకం చూసేది ఆమే, విస్తళ్లు కుట్టేది ఆమే, తోరణానికి మామిడాకులు ఏరి గుచ్చి ఇచ్చేదీ ఆమే. ఆ తోరణాన్ని గుమ్మానికి కట్టే వేళకు మాత్రం మరొక చెయ్యి అందుకునేది. ఇట్లా చెయ్యమని ఆమెకు ఎవరూ చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు. మీరూ నా ఈడువారే అయితే మీ ఇళ్లలోనూ అట్లాంటి మనిషి ఒకరు ఉండే ఉంటారు, నేను ఎక్కువగా వివరించనక్కరలేదు.

నాకు ఇరవై ఏళ్లు నిండిన ఏడు జమ్మలమడుగులో ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పే ఉద్యోగం దొరికింది. ఒక నేతవారి ఇంట్లో గది తీసుకుని ఉండేదాన్ని. ఆ మొదటి వేసవి సెలవులకు నేను ఇంటికి వచ్చినప్పుడే అక్కకు పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకువాళ్లది ప్రొద్దుటూరు, బట్టల అంగడి. మంచివాళ్లే. మా ఇంటి ముందే పెళ్లి అంటే సరేనన్నారు. ఒక్క మాట మాత్రం అబ్బాయి తల్లి అన్నదని మధ్యవర్తి మోసుకొచ్చాడు: వాళ్ల పెద్దకోడలి పెళ్లిలో పందిరంతా మల్లెపూలతో కప్పేశారట. అది అడిగినట్టూ కాదు, అడగనట్టూ కాదు. నాయనకు ఆ మాట ముల్లులా దిగింది. ఆ ఏడు వానలు మొండికేసి వేరుశనగ చేతికి రాలేదు, చుట్టుపక్కల బావుల్లో అడుగు కనబడుతోంది, పూలతోటల ఊసే లేదు. ప్రొద్దుటూరు నుంచి బండెడు మల్లెలు తెప్పించాలంటే చిన్నకాడి ఎద్దులను అమ్మడం తప్ప దారి లేదని నాయన రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగి, మూడో రోజు అన్నం ముందు కూర్చుని ఆ సంగతి బయటపెట్టాడు.

అత్త మజ్జిగ పోస్తూ ఆగిపోయింది. “పూలకు ఎద్దులమ్ముతావా? పూలు రేపు సందేళకు వాడిపోతాయి. ఆపైన కాడి నువ్వు మోస్తావా, నేను మోయాల్నా?” అన్నది. ఆమె మజ్జిగ చెంబు కింద పెట్టి, “పది దినాలు నాకు ఇడ్సిపెట్టు. పందిరి సంగతి నేను జూస్తా. ఏమైతాదో సూద్దాం,” అన్నది.

ఆ శనివారం నన్ను వెంటబెట్టుకుని గండికి బయలుదేరింది. ఆంజనేయస్వామికి మొక్కు కాబోలు అనుకున్నాను. దర్శనం అయ్యాక ఆమె పాపాఘ్ని ఏట్లోకి దిగి, చేత్తో పైపొర తోసేసి, లోపలి సన్నని ఇసుకను చెంగులో జల్లించి మూట కట్టింది. భక్తితో ఇంటికి తీసుకుపోతోందేమోనని నేనూ ఒక పిడికెడు కళ్లకద్దుకున్నాను. ఆమె నవ్వి, ఇది పేలాలు వేయించడానికి అన్నది. మట్టిమూకుట్లో ఈ ఇసుక కాగితే జొన్నలు మాడకుండా పేలతాయట, పేలింది పేలినట్టు తెల్లగా మల్లెమొగ్గ విడిచినట్టు ఉంటుందట. పేలాలతో ఏం చేస్తావని దారి పొడుగునా అడిగాను. చెప్పలేదు. బహుశా అప్పటికి ఆమెకూ పూర్తిగా తెలియదనే ఇప్పుడు నాకనిపిస్తుంది.

మొదటి రోజు పని అంతా పాడయింది. వేడివేడి పేలాన్ని సూదితో గుచ్చితే పుటుక్కున రెండు చెక్కలైపోయేది. చల్లార్చి గుచ్చినా అంతే. సన్నసూది, లావుసూది, ఆఖరికి తుమ్మముల్లు కూడా ప్రయత్నించాం. కుట్టుపని నేర్పే టీచర్నని నాకు కొంత గర్వం ఉండేది, అది ఆ పూటతో దిగిపోయింది. పెళ్లి పెట్టుకుని పిల్లల తిండితో ఆటలేమిటని అమ్మ విసుక్కుంది. అత్త మాత్రం విరిగిన పేలాలను అరచేతిలో పోసుకుని, అవి ఎక్కడ చీలుతున్నాయో ఎండలోకి తిప్పి తిప్పి చూస్తూ కూర్చుంది. మర్నాడు పొద్దున నన్ను లేపి నీళ్లకడవల దగ్గరికి తీసుకుపోయింది. రాత్రి ఆమె ఒక జల్లెడలో పేలాలు పోసి కడవల మధ్య తడి ఇసుక మీద పెట్టిందట. ఆ చల్లదనానికి అవి మెత్తబడి ఉన్నాయి. సూది పెడితే మల్లెకాడలోకి దిగినట్టు దిగింది. గుచ్చిన దండను గంటసేపు ఎండలో వేలాడదీస్తే మళ్లీ గట్టిపడి, చేత్తో తడితే గలగలమన్నది. ఆ సంగతి కనిపెట్టినప్పుడు అత్త ముఖం నేను మరిచిపోలేను. అప్పటికి ఆమెకు యాభై ఏళ్లు. బడిలో లెక్క తెగినప్పుడు పిల్ల ముఖం ఎట్లా ఉంటుందో అట్లా ఉన్నది.

తర్వాత పని పరుగెత్తింది. నేను జమ్మలమడుగు పోయి, మగ్గం మీద బట్ట కోశాక మిగిలిపోయే కొసదారాలను నాకు గది ఇచ్చిన నేత ఇంటావిడను అడిగి సంచినిండా తెచ్చాను. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు దారాలను కలిపి కుచ్చులు చేసి ఒక్కో దండ చివర కట్టాం. అమ్మ పెట్టెలో దాచిన నాయన పాత తెల్లపంచెలు ఉతికి గంజిపెట్టి పందిరి లోపలివైపు పరిచాం, పైన వేసిన కందికట్టె, వేపమండలు కనబడకుండా. గుంజలకు ఎర్రమన్ను పూసి సున్నపు చారలు తీర్చాం. పులివెందుల వైపు తోట ఉన్న బంధువొకాయన గెలలు కోసేసిన అరటిచెట్లు నాలుగు ఊరికే ఇచ్చాడు. మొత్తం అలంకారానికి మేము కొన్నది సూదుల పొట్లం ఒక్కటే. అమ్మ కూడా మూడో రోజుకల్లా విసుగు మాని సూది పట్టుకుంది. ఎవరి దండ పొడవు అని మాకు పందెం.

పెళ్లికి ముందురోజు దండలు కట్టాం. నడిమధ్య నుంచి నలుమూలలకు తెల్లని దండలు జారవిడిచి, మూలమూలకు జొన్నకంకుల గుత్తి. కట్టింది నేనూ, అక్క స్నేహితురాళ్లూ. అత్త గడప దాటలేదు. గడప లోపల నిలబడి చేతికర్రతో చూపిస్తూ, ఎడమకు, ఇంకా ఎడమకు, కొంచెం వదులు చెయ్యి, అంటూ ఉన్నది. పది రోజులు తాను తయారుచేసిన పందిరిని ఆమె గడప లోపలినుంచే చూసింది. నాకు అది తప్పనిపించలేదని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. అప్పుడు అది అలవాటు, అంతే.

తెల్లవారి ఒకటే కిచకిచ. వాకిట్లోకి వచ్చేసరికి పందిరినిండా పిచ్చుకలు. ఊరి పిచ్చుకలన్నీ విందుకొచ్చినట్టు దండలకు వేలాడి పేలాలు ఒలుచుకు తింటున్నాయి. తూర్పువైపు మూడు దండల్లో ఉత్త దారం మిగిలింది. వెనకింట్లోంచి అత్త చాట పట్టుకుని పరుగెత్తుకొచ్చి, గడప దాటి, పందిట్లోకి దూకి, పిచ్చుకలను తోలుతూ తనూ అరుస్తూ అంతా చుట్టేసింది. తర్వాత గంపలో దాచిన మిగులు దండలు తెప్పించి, నిచ్చెన వేయించుకుని, తనే ఎక్కి కట్టడం మొదలుపెట్టింది. ఎక్కడున్నదో ఆమెకు స్పృహ లేదు. మేమూ గుర్తు చేయలేదు.

ఇంతలో ప్రొద్దుటూరు బస్సు అనుకున్నదానికంటే ముందే వచ్చేసింది. పెళ్లికొడుకువాళ్లు దిగి పందిరి వైపు నడిచి వస్తుంటే, మా పెద్దమ్మ, అంటే అమ్మ అక్క, నిచ్చెన మీద అత్తను చూసి గొంతు తగ్గించకుండానే అన్నది: “శుభమా అని పెండ్లి జరగతాంటే, ఆమె పందిట్లో ఏంది? ఎవురూ చెప్పరా?”

అత్త చేతులు ఆగిపోయాయి. ఆమె ముఖం పాలిపోవడం కిందనుంచే కనబడింది. ఒక కాలు కింది మెట్టు మీదికి దించింది. నాయన నిచ్చెన దగ్గరికి వచ్చి, దాన్ని రెండు చేతులా గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.

“అక్కా, ఆ మూల ఇంకా బోసిగా ఉండాది. అది గూడా కట్టి దిగు. నేను పట్టుకోనుండా,” అన్నాడు.

మా భయమంతా పెళ్లికొడుకు తల్లి గురించే. ఆమె పందిరి నడుమకు వచ్చి తల పైకెత్తి చాలాసేపు చూసింది. తర్వాత అత్తనే అడిగింది: “అక్కా, ఈ ఎండలకు మాకాడనే మల్లెలు వాడిపోతాండాయి. ఇవి యాడివి? ఒక్కటి గూడా వాడలేదే!”

“మల్లెలు కాదమ్మా,” అన్నది అత్త. “జొన్న పేలాలు.”

ఆమె నమ్మలేదు. కింద రాలిన ఒక పేలం తీసి, ఊది, నోట్లో వేసుకుని నమిలి, పకపకా నవ్వింది. ఇదెట్లా గుచ్చినారు, విరగలేదా అని అడగడం మొదలుపెట్టింది. అత్త నిచ్చెన మీదినుంచే కడవల సంగతి చెబుతూ ఆ మూల దండ కట్టింది. దిగాక వెనకింటికి పోలేదు. మాంగల్యధారణ అయ్యేదాకా ఆ గుంజ పక్కనే సూది రవికెకు గుచ్చుకుని నిలబడింది. పీటల మీద అక్క తలవంచుకునే ఉన్నా, ఓరకంట అటే చూడడం నేను గమనించాను.

అందరి మనసులూ ఆ పూటతో మారిపోయాయని చెప్పను. పెద్దమ్మ ఆ రోజు భోజనం చేయకుండానే వెళ్లిపోయింది. రెండేళ్ల తర్వాత తన కూతురి పెళ్లికి అత్తను పిలవలేదు గాని, పేలాల దండలు మాత్రం పంపమని కబురు చేసింది. నాకు ఒళ్లు మండింది. అత్త పంపింది. కుచ్చులు మరింత అందంగా కట్టి పంపింది. అక్క అత్తగారు మాత్రం తన చిన్నకూతురి పెళ్లికి అత్తను పదిరోజుల ముందే ప్రొద్దుటూరు పిలిపించుకుని, పందిట్లో ముందువరుసలో తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ ఇంట్లో పిచ్చుకల బెడద లేదు, చీమలు వచ్చాయి. వాటికి అత్త గుంజల మొదట్లో పసుపు చల్లి ఇంకొక ఉపాయం కనిపెట్టింది.

చాలా ఏళ్లకు, ఆమె మంచం పట్టిన రోజుల్లో, ఇదంతా నీకు ఎవరు నేర్పారని అడిగాను. ఎవరూ నేర్పలేదన్నది. తర్వాత తన పెళ్లినాటి మాట చెప్పింది. “ఆయప్ప మొకం నాకు గుర్తే లేదు మ్మీ. శానా తూర్లు గుర్తు జేసుకోను జూసినా, రాదు. పందిరి మాత్రం గుర్తుండాది. తల దించుకోమని మా యమ్మ గిల్లుతాంటే గూడా పైకే జూస్తాంటి, అదెట్ల గట్టినారో అని.”

అత్త పోయి చాలాకాలమైంది. ఇప్పుడు పందిరి కట్టేవాళ్లు పొద్దున వచ్చి మూడు గంటల్లో స్వర్గం నిలబెడతారు. విస్తళ్లు ఎత్తేలోగా విప్పి లారీలో వేసుకుని ఇంకో పెళ్లికి పోతారు. ఎవరు గడప దాటారు, ఎవరు దాటలేదు అని చూసేవాళ్లు తగ్గారు. అది ఎంతో మంచి మార్పు, దాన్ని నేను మనసారా ఒప్పుకుంటాను. ఇంటి ఆడవాళ్లకు శ్రమా లేదు. మొన్నటి పెళ్లిలోనూ మా ఈడువాళ్లం ఓ పదిమందిమి ముందువరుస మెత్తటి కుర్చీల్లో పట్టుచీరలు కట్టుకుని కూర్చున్నాం. విస్తరి కుట్టగలిగినవాళ్లు, దండ గుచ్చగలిగినవాళ్లు, ముగ్గు తీర్చగలిగినవాళ్లు. ఎవరూ మమ్మల్ని ఏమీ చేసిపెట్టమని అడగలేదు. ఒళ్లో చేతులు పెట్టుకుని, ఏం చేయాలో తోచక, కొంగు కొసను ముడివేస్తూ విప్పుతూ చాలాసేపు కూర్చున్నాం.