రెడాక్సైడ్ కారు

ఓడలో పనిచేసే బాబాయి ఒకసారి జపాన్ నుంచి రిమోట్‌తో నడిచే, రంగు మనమే వేసుకోవాల్సిన బొమ్మకారు తెచ్చి నాన్న చేతిలో పెట్టాడు. ఇంట్లో పిల్లలం ఉండగా, యాభై దాటిన మనిషికి కారేమిటని అమ్మ మూతి తిప్పింది. చిన్నప్పుడు తాటిబుర్రలతో బళ్లు చేసి తమ్ముణ్ణి ఆడించినవాడు నాన్నేనట. బాబాయి అది మరిచిపోలేదు.

నాన్న టాటానగర్ కార్ఖానాలో స్ప్రే పెయింటరు. ముప్పై ఏళ్లుగా క్రేన్లకీ పైపులకీ పైవాళ్లు చెప్పిన రంగే కొట్టాడు. ఇది మాత్రం తన సొంతం. తమ ఊరు భీమిలిలో సముద్రం మిట్టమధ్యాహ్నం ఎలా ఉంటుందో ఆ నీలం వేస్తానన్నాడు. వారం రోజులు డబ్బా మూతల మీద నీలాలు కలిపి మా ప్రాణం తీశాడు. టాటానగర్ స్టేషను దగ్గర అత్తవారింట్లో దిగిన బాబాయి ఆదివారం సాయంత్రం మా ఇంటికి వచ్చి, మర్నాడు ఓడ ఎక్కడానికి బయల్దేరతాడు. ఆలోగా కారు తయారు కావాలి.

దాని పైడొప్ప గాజులా అవతలిది కనిపించే పల్చటి ప్లాస్టిక్కు. ఉన్నది ఒక్కటే. కాలేజీలో చదువుతున్నానని కారుతో వచ్చిన ఇంగ్లీషు కాగితం చదివి పెట్టే పని నాకిచ్చారు. రంగు బయట కాదు, లోపలివైపు కొట్టాలని చదివాను. అలాగైతే గీతలు పడవు, తెలివైనవాళ్లే అని నాన్న మెచ్చుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే పర్సుడీహ్‌లో ఆయన స్నేహితుడి గ్యారేజీకి వెళ్లాం. స్ప్రే గన్ను అక్కడుంది. నాన్న డొప్పను కడిగి, ఆరబెట్టి, బయటివైపంతా పేపరు చుట్టి, రెడాక్సైడ్ డబ్బా మూత తీశాడు. తుప్పు పట్టకుండా ఇనుముకి ముందుగా కొట్టే ఆ ఇటుకరంగు ప్రైమర్ లేకుండా ఆయన జన్మలో ఏ రంగూ వేయలేదు. లోపల్నుంచి కొడితే మొదటి పూతే బయటికి కనిపిస్తుంది కదా అన్నాను.

“పెయింటు పని నాకు సెప్తన్నావేటే?” అన్నాడు, అందరి ముందూ.

గ్యారేజీ అంతా నవ్వింది. కోపమొస్తే నాకు తెలుగు రాదు, హిందీ వస్తుంది. ఠీక్ హై అని వెళ్లి స్టూలు మీద కూర్చున్నాను. కొట్టుకో, నాకేం అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ తప్పు బయటపడే క్షణం కోసం ఎదురుచూశాను కూడా.

రెడాక్సైడ్ ఆరాక నీలం మూడు పూతలు కొట్టాడు. ఎక్కడా ఒక్క చుక్క కారలేదు. ఆ నీలం చూస్తే కళ్లు తిప్పుకోలేం. తర్వాత పేపరు విప్పి డొప్పను తిరగేశాడు. బయట కారంతా ఇటుకరంగే.

నాన్న థిన్నర్ గుడ్డ అందుకుని, మళ్లీ కింద పెట్టేశాడు. తుడిస్తే ప్లాస్టిక్కు మసకబారుతుందని ఆయనకు తెలుసు. నా మాటే నెగ్గింది. ఆ మొహం చూశాక నెగ్గకపోయినా బాగుండుననిపించింది.

సాయంత్రం అగ్రికోలోని మా క్వార్టరులో బాబాయి కారును అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఏటన్నయ్యా, నీలం ఏత్తానన్నావు గదా?”

ఈ రంగే నచ్చిందని నాన్న తప్పించుకుంటాడనుకున్నాను. అలా అంటే కాదనేవాళ్లెవరు? ఆయన నా వైపు చూశాడు.

“పిల్ల సెప్పిందిరా. నేనే ఇన్లేదు.”

నాకు ఏడుపొచ్చి వంటింట్లోకి వెళ్లిపోయాను. పిల్ల చెప్పిన మాట నిజమే, ఒక్కసారి చెప్పింది. చెయ్యి పట్టుకుని రెండోసారి చెబితే ఆగేవాడు. కావాలనే చెప్పలేదు. ఆ సంగతి ఆయన పోయేదాకా చెప్పలేకపోయాను.