రెండు గోలీలకు ఏమయితది

మరిపెడ నుంచి వరంగల్ వచ్చే బస్సులో నా పక్కన బురఖా వేసుకున్న ఒకామె, ఏడెనిమిదేళ్ల కూతురితో కూర్చుంది. ఇడ్లీ తినిపించి, పాపకు ఒక గోలీ వేసింది. ఎందుకని ముందు సీటు పెద్దావిడ అడిగితే, "ధ్యాస నిలవదక్కా, డాక్టర్ రాసిండు" అంది.

"గింత పిల్లకు మత్తుగోలీలా? తల్లివేనా నువ్వు?"

చుట్టూ ఉన్నవాళ్లంతా ఆ తల్లిని దొంగను చూసినట్టు చూశారు. ఆమె తల వంచుకుంది. ఆ పెద్దావిడ మీద నాకు ఒళ్లు మండింది.

వర్ధన్నపేట దాటాక ఆ పెద్దావిడే మళ్లీ వెనక్కి తిరిగింది. "మా బిడ్డకు ఇంటర్ పరీక్షలున్నయి. జర రెండు గోలీలియ్యరాదు? చదువు మంచిగెక్కుతదేమో."

ఆ తల్లి గోలీల షీటును పర్సులో పెట్టి జిప్పు లాగింది. "మా పిల్లకు గుండె చూసి, బీపీ చూసి, బరువు చూసి రాసిండ్రు. మళ్ల మళ్ల పిలిచి చూస్తున్నరు. నీ బిడ్డ గుండె ఎవరు చూసిండ్రక్కా?"

"రెండు గోలీలకు ఏమయితది" అని గొణుగుతూ ఆవిడ ముందుకు తిరిగింది.

ఆ కోపం నాకింకా దిగలేదు. మా గల్లీలో జ్వరానికీ నొప్పులకూ పక్కింటి గోలీలు అడిగి తెచ్చుకోవడం అలవాటు. ఇప్పుడు ఎవరైనా మా ఇంటికొచ్చి చెయ్యి చాస్తే, మందుల డబ్బా మూసేసి "నిన్నెవరు చూసిండ్రు?" అని అడుగుతాను. పిసినారినని పేరొచ్చింది. రానీ.