నాలుగు నెలల డైరెక్టర్

ఆ రోజుల్లో మా నాచారంలో మనిషి ఎంత పెద్దవాడయ్యాడో తెలుసుకోవాలంటే జీతం అడిగేవారు కాదు, చౌరస్తాలో ఫ్లెక్సీ పడిందా లేదా అని చూసేవారు. నాకు పడింది. ఇరవై మూడేళ్ళకే పడింది. నవ్వేవాళ్ళు నవ్వుకోండి, నాకేం సిగ్గు లేదు. ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక షెడ్డు పైఅంతస్తులో, ఆన్‌లైన్‌లో ఉద్యోగాలు ఇప్పిస్తామని చెప్పుకునే కంపెనీలో నేను గుమాస్తాను. ఒకరోజు మా సారు పిలిచి, ఆరు కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని, "ఇయాల్టి సంది నువ్వు డైరెక్టర్‌వి" అన్నాడు. (జీతం మాత్రం పెరగలేదు. అంత హోదాలో ఉన్నవాళ్ళు అలాంటివి అడగరనుకున్నాను.) ఇక మా బావ ఆగుతాడా? మూడోనాటికల్లా చౌరస్తాలో నేను నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, దండం పెడుతూ వెలిశాను. రివాజు ప్రకారం పైన మా సారు తల బుట్టంత, కింద మూలన నాది గుప్పెడంత.

నాలుగు నెలలు తిరిగేసరికి సారు ఫోన్ ఆపేసి మాయమయ్యాడు. మేం పంపినవన్నీ దొంగ ఉద్యోగాల ఉత్తర్వులట. డబ్బు కట్టి మోసపోయిన పిల్లలంతా సైబర్ క్రైం పోలీసుల దగ్గరికి వెళ్ళారు, పోలీసులు నన్ను పిలిపించారు. ఎస్సై తన ఫోన్‌లో నా ఫ్లెక్సీ ఫోటో తీసి చూపించాడు.

"ఏంది డైరెక్టర్ సాబ్, కళ్ళద్దాలు మస్తున్నయ్. కంపెనీ నీదేనా?"

"నాకేం తెల్వద్ సార్. సంతకం పెట్టుమంటె పెట్టిన."

"తెల్వకుంటె దండమెందుకు పెట్టినవ్?"

మళ్ళీ పిలిస్తే రావాలని చెప్పి ఆ పూటకు ఇంటికి పంపేశాడు.

మర్నాడు సారు తాలూకు మనిషి ఒకడు మా గల్లీకే వచ్చి ఉపాయం చెప్పాడు. ఆ ఉత్తర్వులన్నీ టైప్ చేసింది మా ఆఫీసులో పనిచేసిన టైపింగక్క. "మెయిళ్ళన్ని ఆమె కంప్యూటర్‌కెల్లే పోయినయ్. అంత ఆమెనే జేసిందని పోలీసోళ్ళకు ఒక్క మాట చెప్పు. వకీలు ఖర్చు మాది. నువ్వు సాఫ్‌గ బయటవడ్తవ్" అన్నాడు. టైపింగక్క రోజూ మల్లాపూర్ నుంచి నడిచి వచ్చేది. నా తప్పులన్నీ తనే దిద్ది, ఆ సంగతి సారుకు తెలియనిచ్చేది కాదు. ఆ ఉద్యోగాలు నిజమేనని నాలాగే నమ్మి, సొంత తమ్ముడికి కూడా ఒక ఉత్తర్వు టైప్ చేసింది. ఆ తమ్ముడు దాన్ని పట్టుకుని పుణె దాకా వెళ్ళి, గేటు బయట నుంచే తిరిగొచ్చాడు. అలాంటి మనిషి పేరు చెప్పమంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

"జైలుకన్న పోత గని ఆమె పేరు చెప్ప. పోయి మీ సారుకు చెప్పుకో!"

వాడు వెళ్ళగానే బావ నెత్తి కొట్టుకున్నాడు. "అరే బామ్మర్దీ, జైలంటె ఏమనుకున్నవ్‌రా? ఒక్క మాటనే గద!"

"ఆ ఒక్క మాటనే చెప్ప బావా. ఫ్లెక్సీ ఏసింది నువ్వు. నిన్నేమన్న అన్ననా?"

(నాకు భయం లేదని కాదు. ఆ వారమంతా గల్లీలో బుల్లెట్ బండి చప్పుడైతే చాలు, పోలీసులేమోనని బాత్‌రూంలోకి దూరి గడియ పెట్టుకునేవాణ్ణి.)

ఉప్పల్‌లో టిఫిన్ సెంటర్ పైన ఆఫీసున్న ఒక వకీలమ్మ నా కేసు పట్టింది. అంతా విని, "తమ్మీ, కోర్టుల నేను నిన్ను ఒట్టి తెలివిలేనోడు అంట. నువ్వు మధ్యల లేసి కాదనకు" అంది. ముందస్తు బెయిల్ విచారణ రోజున పోలీసుల తరఫు వకీలు ఆ ఫ్లెక్సీ ఫోటోనే ముందు పెట్టాడు. మా వకీలమ్మ కూడా దాన్నే పట్టుకుంది. "సార్, మా దిక్కు ఫ్లెక్సీల ఎవరి తల పెద్దగుంటదో వాళ్ళే మాలిక్. వీని తల యాడున్నదో జర వెతకాల్సొస్తది" అంటూ, ఫ్లెక్సీ కట్టే రోజు నేను సారుకు రాసిచ్చి, తిరిగొచ్చాక దాచుకున్న సెలవుచీటీ తీసి గట్టిగా చదివింది. "అయ్యా, నా ఫ్లెక్సీ కట్టించుకొనుటకు ఒక పూట సెలవు దయచేయ ప్రార్థన." దాని కింద సారు ఎర్రసిరాతో రాసిన "కుదరదు" కూడా చదివింది. కోర్టంతా ఘొల్లుమంది. జడ్జిగారు తల వంచుకుని ఏదో కాగితం వెతుక్కున్నారు. నేను మరీ అంత తెలివిలేనివాణ్ణి కాదని చెబుదామని వెనక బెంచీలోంచి లేవబోయాను. వకీలమ్మ ఒక్క చూపు చూసింది, మళ్ళీ కూర్చున్నాను. బెయిల్ వచ్చింది.

తర్వాత సారు దొరికాడు. టైపింగక్కా నేనూ ఇద్దరం సాక్షులమై, ఉన్నదున్నట్టు చెప్పాం. నా పేరు కేసులోంచి తీసేస్తూ ఇచ్చిన ఉత్తర్వులో, "ఈ వ్యక్తి పేరుకు మాత్రమే డైరెక్టరు, కంపెనీకి సంబంధించి ఏనాడూ ఏ నిర్ణయమూ తీసుకోలేదు" అని ఉంది. బావ ఆ ముక్క నాచేత మూడుసార్లు చదివించుకుని మురిసిపోయాడు. నన్ను జైలుకు పోకుండా కాపాడిన వాక్యమది, కాదనను. ఇప్పుడు తలలో తెల్లవెంట్రుకలు వచ్చాక ఆ కాగితం తీసి చూస్తే, ఆ కళ్ళద్దాల కుర్రవాడి మీద నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. కానీ ఆ వాక్యాన్ని మాత్రం నేను ఈ రోజుకీ ఒప్పుకోను. కాగితాల మీద ఇంకా డైరెక్టర్‌గా ఉండగానే, మా గల్లీలో నిలబడి, ఎవరినీ అడక్కుండా, ఆ కుర్రవాడు ఒక నిర్ణయం తీసుకున్నాడు. కోర్టువారు రాసుకోలేదు, అంతే.