ఐలేశం మీటరు

కట్టంగూరుకు కరెంటు వచ్చిన రెండో ఎండాకాలం, 1966లో, ఐలేశం కరెంటు ఉందో లేదో చూసే మీటరు కొనడానికి హైదరాబాదు బస్సెక్కాడు. గొర్లు కాసే ఇంట్లో పుట్టినా అతని ధ్యాసంతా రేడియోల మీదే. పెళ్లికి ముందు పట్నంలో ఒక రేడియో దుకాణంలో నాలుగేళ్లు పనిచేశాడు. తండ్రి పోయాక మంద కోసం ఊరికి తిరిగొచ్చాడు. ఎవరి రేడియో మూగబోయినా విప్పి చూసేవాడు. సెల్లులో పస ఉందో లేదో నాలుకకు ఆనించి చెప్పేవాడు.

సుల్తాన్ బజారు వెనక గల్లీలో ముసలి దుకాణదారు రెండు మీటర్లు ముందు పెట్టాడు.

"ఏం పనికి?"

"రేడియోలు, టార్చిలైట్లు చూసుకునేటందుకు సేట్. ఇంట్ల షోకుకే."

ఒకటి కొత్తది, జపానుది. తీగలు లావుగా, గట్టిగా ఉన్నాయి. రెండోది ఎవరో వాడి అమ్మింది. అద్దం మూల పగిలింది, తీగలు సన్నగా ఎండిపోయాయి.

"సెల్లు కరెంటుకైతె గీ పాతది మంచిగనే చెప్తది," అన్నాడు ముసలాయన. "మోటర్ల జోలికి మాత్రం పోకు. తీగల మీద నాకు నమ్మకం లేదు."

"మోటర్లతోని నాకేం పని," అన్నాడు ఐలేశం.

కొత్తది కొనాలంటే రెండు పొట్టేళ్లు అమ్మాలి. షోకుకు పొట్టేళ్లు అమ్మానని భార్య బీరమ్మకు ఎలా చెప్పడం? పాతదే కొన్నాడు. చౌటుప్పల్ దాటాక బస్సులో దాన్ని తీసి చూస్తే ముల్లు సున్నా దాకా రాకుండా మధ్యలో ఆగి ఉంది. గోటితో తడితే దిగింది. మీటరును మళ్లీ తువ్వాలలో చుట్టేశాడు.

నెల తిరక్కుండానే రైతు లచ్చయ్య పిలిచాడు. అతని బావి మీద కొత్తగా మోటరు పెట్టారు.

"పైపు ముట్టుకుంటె చేతులు జుమ్మంటున్నయి తమ్మీ. జర నీ మీటరు పెట్టి చూడరాదు."

దుకాణదారు మాట ఐలేశానికి గుర్తొచ్చింది. కానీ చుట్టూ పదిమంది నిలబడ్డారు, అందరి కళ్లూ మీటరు మీదే. నల్ల తీగ కొనను తడి మట్టిలో గుచ్చి, ఎర్ర తీగ కొనను పైపుకు ఆనించాడు. ముల్లు కదల్లేదు. అద్దాన్ని తట్టాడు. అయినా కదల్లేదు.

"ఏం లేదు లచ్చన్నా. చేతులు తడిగుంటె గట్లనే అనిపిస్తది."

లచ్చయ్య మోటరు నడవనిచ్చి అన్నానికి వెళ్లిపోయాడు.

ఐలేశం ఇంటికొచ్చాడు కానీ స్థిమితంగా కూర్చోలేకపోయాడు. బల్బు వెలిగించి, అదే బోర్డులో మీటరు తీగలు పెట్టాడు. బల్బు వెలుగుతూనే ఉంది, ముల్లు మాత్రం సున్నా మీదే పడుకుంది. ఎర్ర తీగను కొన దగ్గర కాస్త వంచాడు. ముల్లు ఎగిరింది. వదిలితే మళ్లీ పడిపోయింది. తీగ పై తొడుగు బాగానే ఉంది, లోపల తెగింది.

ఎండ నడినెత్తికి వచ్చింది. బీరమ్మ మందను నీళ్లకు తోలేది లచ్చయ్య బావి పైపు నీళ్లు పడే తొట్టికే. ఐలేశం చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు.

మూడు గొర్రెలు తొట్టి పక్కన బురదలో కాళ్లు చాపి పడి ఉన్నాయి. మిగతా మంద దూరంగా, అరవకుండా నిలబడి ఉంది. బీరమ్మ ఒక గొర్రె కాలు పట్టి లాగబోతోంది.

"బీరమ్మా, ముట్టకు. ఆడనే ఆగు."

ఆ గొంతు ఎవరిదో అన్నట్టు ఆమె తిరిగి చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది. అతను మోటరు గుడిసెలోకి దూరి, ఎండుకట్టెతో స్టార్టరు మీది ఎర్ర మీట నొక్కాడు. మోటరు ఆగింది.

బీరమ్మ అంది: "లచ్చన్న తొవ్వల కలిసిండు. ఏం లేదని మీటరు చెప్పిందన్నడు."

"మీటరు చెప్పలే. నేను చెప్పిన."

ఆ వారమే అతను రెండు పొట్టేళ్లు అమ్మి జపాను మీటరు తెచ్చాడు. ఆ తర్వాత ఎక్కడ పరీక్షించినా, ముందు కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టేవాడు. తర్వాతే అనుమానం ఉన్న చోట. మళ్లీ వెనక్కొచ్చి తెలిసిన చోట. ఇంత ఆలస్యమేందని జనం నవ్వేవారు. అతను నవ్వేవాడు కాదు. ఆ చుట్టుపక్కల బావుల మీద ఏటేటా మోటర్లు పెరిగాయి. అతనికి పిలుపులూ పెరిగాయి.

బీరమ్మ మాత్రం మోటరున్న ఏ బావికీ మందను తోలలేదు. రెండు మైళ్లు నడిచి వాగుకు తీసుకుపోయేది. ఇప్పుడేం కాదు, తోలుకపో అని ఐలేశం ఆమెకు ఒక్కసారి కూడా చెప్పలేదు.