నేను చంపిన కుందేళ్లు

ఆ మనిషికీ నాకూ మొదటి నుంచీ పడేది కాదు. తొంభైల మొదట్లో, యూనివర్సిటీ క్యాంపస్‌లో మా డిపార్ట్‌మెంట్ వెనక రేకుల కప్పు కింద ఉన్న జంతువుల గదికి అతను అటెండర్. యాభై దాటిన మనిషి. పక్క బస్తీ మాణికేశ్వర్ నగర్ నుంచి నడిచి వచ్చేవాడు. మెడలో నల్లదారానికి చిన్న సిలువ ఉండేది. నేను విద్యానగర్ నుంచి వచ్చే పరిశోధక విద్యార్థిని. మా నాన్న కడప నుంచి బదిలీ మీద వచ్చిన ప్రభుత్వోద్యోగి. థీసిస్ మొదలు కాకముందే ఇంట్లో అందరూ నన్ను డాక్టరమ్మా అని పిలిచేవారు. ఆ పిలుపు నా తలకెక్కింది.

మత్తు మందులు గుండెను ఏం చేస్తాయన్నది నా పరిశోధన. ముందు కుందేలుకు బెదురు తగ్గించే మందు ఒకటి ఇవ్వాలి. అది మగతలో పడ్డాక చెవి నరంలోకి అసలు మత్తు ఇంజెక్షన్ ఎక్కించాలి. ఆ తర్వాత దాని గుండె వేగాన్నీ రక్తపోటునూ యంత్రం కాగితం మీద సిరా గీతలుగా గీస్తుంది. చెప్పడానికి ఇంతే. నా బల్ల మీద మాత్రం కుందేళ్లు వరసగా చచ్చిపోయేవి. గీత కాసేపు ఎగుడుదిగుడుగా నడిచి, కుంగి, చదునైపోయేది.

కుందేలును కదలకుండా పట్టుకునే పని అటెండర్‌ది. మూడోది పోయిన రోజు అతనన్నాడు: "జర నిమ్మళంగ ఎక్కియ్యుండ్రి మేడం. మస్తు జల్ది ఎక్కిస్తున్నరు. దాని గుండె నా చేతులల్లనే ఆగిపోతున్నది."

"నువ్వు నాకు నేర్పిస్తావా? పట్టుకో, చాలు," అన్నాను.

అతను చచ్చిన దాన్ని గోనెసంచిలో వేసుకుని, తలుపు గట్టిగా వేసి వెళ్లాడు. ఆ చప్పుడు నాకు మాట పడ్డట్టే అనిపించింది.

అయిదోది కూడా పోయాక మా గైడ్ సార్ పిలిచారు. "ఇన్నెట్లా పోతున్నాయి? డోసు సరిగ్గా ఇస్తున్నావా?"

"పుస్తకంలో ఉన్నంతే సార్. జంతువులే నీరసంగా ఉంటున్నాయి. అటెండర్ వాటికి తిండి సరిగ్గా పెట్టడం లేదు."

"అయితే రాసివ్వు," అన్నారాయన, ఫైలులోంచి తల ఎత్తకుండానే.

రాసిచ్చాను. కుందేళ్లకు వచ్చే శనగలు అతను ఇంటికి పట్టుకెళ్తున్నాడని రాశాను. నేనెప్పుడూ చూడలేదు. నేను చూసిందల్లా తలుపు పక్క మేకుకు వేలాడే అతని సంచి, అందులో టిఫిన్ డబ్బా. అయినా అతని పేరు, ఇంటిపేరుతో సహా, గుండ్రటి అక్షరాలతో రాశాను.

వారం తిరక్కుండా అతన్ని హాస్టల్ ఆవరణ ఊడ్చే పనికి మార్చారు. తాళాలు ఇవ్వడానికి వచ్చిన రోజు నా బల్ల ముందే నిలబడ్డాడు.

"మేడం, నేను శెనగలు ఎత్తుకపోతుంటే మీరు సూసిండ్రా?"

"ఆఫీసులో అడుగు."

"ఆఫీసోళ్లు సూడలే. మీరు సూసిండ్రా?"

నేను యంత్రం వైపు తిరిగి, తిప్పాల్సిన పని లేని మీటను తిప్పుతూ కూర్చున్నాను.

కొత్త అటెండర్ వచ్చాడు. తిండి దగ్గరుండి పెట్టించాను. కుందేళ్లు నిగనిగలాడుతున్నాయి. మొదటి వారంలోనే రెండు చచ్చాయి. ఇక నింద వేయడానికి ఎవరూ మిగల్లేదు.

ఆ రోజు కాగితం చుట్టలన్నీ నేల మీద పరిచి, సూది గుచ్చినప్పుడు పెట్టిన పెన్సిల్ గుర్తుల్ని వెతికాను. ప్రతి చుట్టలోనూ గుర్తు దాటిన జానెడు దూరంలోనే గీత కూలిపోయింది. పుస్తకం మళ్లీ తీశాను. అందులోని డోసు, ముందు ఏ మందూ ఇవ్వని కుందేలుకు. నేనిచ్చిన మొదటి మందు అప్పటికే రక్తనాళాలను వదులు చేసి రక్తపోటును దించేసింది. దాని మీద రెండోదంతా ఒక్క తోపులో ఎక్కిస్తే ఊపిరి ఆగుతుంది, గుండె కండరానికి బిగిసే బలం పోతుంది. మర్నాడు సగం మందే తీసుకుని, గోడ గడియారం చూస్తూ, బొటనవేలు నొప్పెట్టేదాకా చుక్కచుక్కగా ఎక్కించాను. గీత కుంగింది, నెమ్మదించింది, కానీ ఆగలేదు. మధ్యాహ్నానికి ఆ కుందేలు లేచి ముక్కు కదిలించింది.

సార్‌కు చెప్పాను. "మంచిదే, థీసిస్‌లో రాయి," అన్నారు.

"ఆ కంప్లైంటు సార్?"

"అయిపోయిన సంగతి. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే డిపార్ట్‌మెంట్ పరువేం కావాలి? నీకు డిగ్రీ ముఖ్యమా, వాడు ముఖ్యమా?"

ఆదివారం మాణికేశ్వర్ నగర్ వెళ్లి, వాళ్లనీ వీళ్లనీ అడిగి అతని ఇల్లు పట్టుకున్నాను. అతను గుమ్మంలోనే నిలబడ్డాడు, లోపలికి రమ్మనలేదు.

"తప్పు నాదే. మందు ఎక్కువైంది. మీరు చెప్పిందే నిజం," అన్నాను. అతన్ని మీరు అనడం అదే మొదటిసారి.

"అది నాకెర్కనే. నాకెందుకు చెప్తున్నరు? కాయితం నాకిచ్చిండ్రా? ఎవలకిచ్చిండ్రో గాళ్లకు చెప్పుండ్రి."

లోపల్నుంచి అతని భార్య గొంతు వినిపించింది. "చర్చిల దొంగలని మా పక్కకు ఎవలు కూసుంటలేరు. గిప్పుడొచ్చి ఏం జేస్తది?"

అతను తలుపు వేసేశాడు.

నా ఫిర్యాదు అబద్ధమని రాసి, సార్‌కు చెప్పకుండా పరిపాలన భవనంలో ఇచ్చి, ముద్ర వేయించుకుని వచ్చాను. సార్ నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. నా అధ్యాయాలు ఆయన బల్ల మీద దుమ్ము పట్టాయి. నన్ను చూసి మాత్రం పక్కవాళ్లతో "హరిశ్చంద్రుడి చెల్లెలొచ్చింది" అనేవారు. పాత అటెండర్ను మళ్లీ జంతువుల గదికే వేశారు. కుందేలును పట్టుకునేవాడు, గోడకేసి చూసేవాడు. నేను ఎంత నెమ్మదిగా ఎక్కించినా సూది వైపు తిరిగేవాడు కాదు.

చివరికి థీసిస్ తార్నాకలో టైపుకిచ్చాను. కృతజ్ఞతల పేజీలో సార్ తర్వాత అతని పేరు పెట్టాను. ఎవరు చెప్పారో, మర్నాడు పొద్దున్నే నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"నా పేరు రాసిండ్రంట."

"అవును. మీ వల్లే కదా..."

"తీసెయ్యుండ్రి. ఒకసారి రాసిండ్రు, సాలు."

ఆ మధ్యాహ్నమే తార్నాక వెళ్లి పేజీ మళ్లీ కొట్టించాను. ఇప్పుడు ఆ పేజీలో మా అమ్మానాన్నలున్నారు, సార్ ఉన్నారు. నెమ్మదిగా ఎక్కించడం గురించి రాసిన అధ్యాయాన్ని పరీక్షకులు మెచ్చుకున్నారు. నేను క్యాంపస్ వదిలేదాకా అతను నాతో మాట్లాడలేదు. మాట్లాడించే ప్రయత్నం నేనూ చేయలేదు.