టవర్ల వెంట మావతో

మొన్న సోమవారం స్కూల్లో టిఫిన్ తింటూ ఉంటే అమ్మ ఫోన్ చేసింది. "ఎదురింటన్నయ్య పోనాడే. నిద్దట్లోనే." అలాగా అన్నాను. మిగిలిన రెండు ఇడ్లీలూ తిన్నాను. ఎనిమిదో తరగతికి వెళ్ళి భిన్నాలు చెప్పాను. సాయంత్రం విజయనగరంలో బస్సెక్కి, పాతపట్నం దగ్గర మా ఊరికి వెళ్ళి ఆయన్ని చూశాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. ఏం చెయ్యాలో తెలియక రాస్తున్నాను.

మాకు రక్తసంబంధం లేదు. అమ్మకి అన్నయ్య, అయ్యకి బావ, నాకు మావ. నౌపడ నుంచి ఉప్పు బస్తాలు తెచ్చి సంతల్లో అమ్మేవాడు. ఆ ఉప్పుకి ఆయన వ్యాను అడుగు తుప్పు పట్టి, రేకు కన్నంలోంచి రోడ్డు కనిపించేది. ఎవరు ఎదురైనా ఆయన అడిగేది ఒక్కటే: "తిన్నావేటి?"

నేను డిగ్రీ చదివే రోజుల్లో అయ్య పొలాల్లో కరెంటు టవర్లు నిలబెట్టే పనికి మహారాష్ట్ర వెళ్ళాడు. వానలు పడి పని ఆగింది. తోటివాళ్ళు వచ్చేశారు, అయ్య రాలేదు. "జొరం తగ్గినాక వస్తానన్నాడు" అన్నారు. అయ్య ఫోన్ పలకలేదు. వాళ్ళు చెప్పగలిగింది దగ్గర్లోని టౌను పేరొక్కటే.

మావ విన్నాడు. "రైల్లో ఎల్తే, మంచాన పడ్డోడ్ని ఎలా తెత్తావు?" అంటూ వ్యాను కడిగి, వెనక పరుపు వేశాడు. నాకు హిందీ వచ్చని నన్నూ ఎక్కించుకున్నాడు.

ఒడిశా, ఛత్తీస్‌గఢ్ దాటి మూడోరోజుకి టవర్లు కనిపించాయి. ఆ వరస వెంటే బండి దారుల్లో వెళ్ళాం. చూపు ఆనినంత మేరా నల్లరేగడి, పత్తి, సోయా. ఒక్క వరిమడి లేదు, ఒక్క తాటిచెట్టు లేదు. మావ ప్రతి పొలం దగ్గరా వ్యాను ఆపేవాడు. విత్తనం ఎప్పుడేశారో, వాన సరిపోయిందో అడగమనేవాడు. నాకు ఒళ్ళు మండింది.

"మావా, మా అయ్య గురించి అడగనీ!"

"ఓలమ్మీ, పొలంలో ఉన్నోడ్ని ముందు పంట గురించి అడగాల. మన మనిషి గురించి ఆడే సెప్తాడు."

నాలుగోరోజు పత్తిలో కలుపు తీస్తున్న ఒకావిడని, ఆకు ఎందుకు ఎర్రబడిందని అడిగాను. చాలాసేపు చెప్పింది. ఆఖర్న, ఎక్కణ్ణుంచి వచ్చారంది. ఆంధ్రా అన్నాను. ఆవిడ లేచి, జొన్నచేను అవతలున్న రేకుల షెడ్డు చూపించింది. "మీ మనిషొకడు అక్కడున్నాడు. రోజూ మజ్జిగ పోసి వస్తున్నాను. నువ్వు కూతురివా?"

"నువ్వు బండిలో కూకో" అని మావ ఒక్కడే లోపలికి వెళ్ళాడు. గంటసేపు రాలేదు. అయ్య ఇక లేడని, ఆ మాట చెప్పలేక మావ లోపలే ఆగిపోయాడని అనుకున్నాను. మావని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను.

పిలిచాక వెళ్ళాను. అయ్య మంచం మీద గోడకానుకుని కూర్చున్నాడు. గడ్డం గీసి ఉంది, తల దువ్వి ఉంది. ఒంటిమీద మావ చొక్కా. చిక్కిపోయాడు, అంతే అనుకున్నాను. మావ బనీనుతో పక్కన నిలబడి, "ఏటి బావా, మన పక్క వరి ఉడుపులైపోతన్నాయి, నువ్విక్కడ కాపరం పెట్టీసినావు?" అన్నాడు. అయ్య నవ్వబోయి దగ్గాడు.

ఆ తర్వాత అయ్య ఆరేళ్ళు బతికాడు. పోయే ముందు ఆ గంట సంగతి నాకు చెప్పాడు. "పదిరోజులు లెగనేక నా రొచ్చులోనే నాను పడున్నాను తల్లీ. మీ మావ ముక్కు మూసుకోనేదు. నీళ్ళు తోడి కడిగినాడు. 'కూతురు గుంట నిన్నిలాగ సూడకూడదు బావా' అన్నాడు."

నాకు తెలుసన్న మాట మావకి చెప్పాలని ఎన్నిసార్లో ఊరెళ్ళాను. ఆయన తిన్నావేటి అనేవాడు, తిన్నాననేదాన్ని. మాట అక్కడే ఆగిపోయేది.

మహారాష్ట్ర నుంచి తిరిగొచ్చిన రోజు, పర్లాకిమిడి దాటి మన పక్కకి వచ్చాక మావ వ్యాను ఆపాడు. రోడ్డు పక్క మడుల్లో ఆడవాళ్ళు వరినారు ఊడుస్తున్నారు. వెనక పరుపు మీద అయ్య నిద్రపోతున్నాడు. "మొకం కడుక్కొస్తాను" అని మావ గట్టు మీదుగా నడిచి, కాలవ దగ్గర గొంతుకూచున్నాడు. దోసిట్లో నీళ్ళు తీసుకున్నాడు. మొహానికి ఆనించుకుని అలాగే ఉండిపోయాడు. నీళ్ళన్నీ వేళ్ళ సందుల్లోంచి కారిపోయాయి. చేతులు మాత్రం దించలేదు. ఊడుస్తున్న ఒకావిడ నడుం ఎత్తి ఆయన వైపు చూసి, మళ్ళీ వంగి నారు గుచ్చుకుంటూ వెనక్కి నడిచింది.