నేను తలంటిన పొగాకు

ఆ రోజుల్లో గోదావరి మీద రైలు వంతెన ఇంకా లేదు గాని, నా బుర్రలో తెలివి మాత్రం గట్లు తెంచుకుని పారుతుండేది. రాజమండ్రిలో మెట్రిక్యులేషన్ గట్టెక్కి, పెళ్ళి చేసుకుని, పడవ మీద ఏటి నడుమ లంకలోని అత్తవారింటికి వెళ్ళాను. (మూడో ప్రయత్నంలో గట్టెక్కానన్న సంగతి వాళ్ళు అడగలేదు, నేనూ చెప్పలేదు.)

ఆ ఇంటికి పెద్దదిక్కు మా మామగారి తల్లి. ఊరందరికీ మామ్మగారు. లంకలో ఎవరు పొగాకు వేసినా తొలి మొక్క ఆవిడ చేతే నాటించుకునేవారు. ఆవిడ హస్తవాసి మీద అంత నమ్మకం. తన చుట్టల కోసం మాత్రం పెరట్లో ముప్ఫై మొక్కలు విడిగా పెంచుకునేవారు. ఒకనాడు అందరూ పొలానికి వెళ్ళాక నేను పెరట్లో ఆకు పట్టుకు చూస్తే చేతికి బంకలా జిగురు అంటుకుంది. ఆకు నిండా సన్నని నూగు, దానికి అతుక్కుని చచ్చిన చిన్న చిన్న పురుగులు. అయ్యో, తెగులు పట్టిందనుకున్నాను. ఎవరినైనా అడగవచ్చు. కాని చదువుకున్న అల్లుడు అడగడమేమిటి? కుంకుడుకాయలు నానబెట్టి, రసం తీసి, గుడ్డముక్కతో ముప్ఫై మొక్కలకూ తలంటాను. (నా తల నేనేనాడూ అంత శ్రద్ధగా రుద్దుకోలేదు.) మొక్కలు ఏపుగా ఎదిగాక మెప్పు కొట్టేద్దామని ఎవరికీ చెప్పలేదు.

రెండు వారాలు తిరిగేసరికి ఆకు తినే లద్దెపురుగు పడింది. (కొత్త అల్లుడు అంత త్వరగా కదలడు కదా, నేనింకా అక్కడే ఉన్నాను.) పొలంలో ఆకు పచ్చగానే ఉంది. పెరట్లో మాత్రం ఈనెలు మిగిలాయి.

"ఇదేంటిరా అబ్బాయ్!" అన్నారు మామ్మగారు మా మామగారితో. "ఆ జిగురు మీద పిల్లపురుగు కాలు పెడితే అక్కడే అంటుకుని చస్తుంది కదా. తన కాపలా తనే కాసుకునే మొక్క నా పెరట్లోనే ఓడిపోయిందంటే, నా చేతిలోనే ఏదో పోయిందిరా. వచ్చే ఏడు తొలి మొక్క ఇంకెవరిచేతనైనా పెట్టించుకోండి."

"అవేం మాటలమ్మా!" అని మామగారు ఏదో సర్దబోయారు. చెప్పవలసినవాణ్ణి నేను. తేలు కుట్టిన దొంగలా మర్నాడే పడవెక్కాను.

ఏడాది పొడుగునా సిగ్గుతో చచ్చిపోయాను. మళ్ళీ నాట్ల వేళకు వెళ్ళేసరికి రైతులు వాకిట్లో నిలబడి ఆవిణ్ణి బతిమాలుతున్నారు. ఆవిడ చేతులు పమిటలో దాచుకుని, "నా చెయ్యి వద్దండి" అంటున్నారు. ఇక ఉండబట్టలేక పదిమందిలోనూ అనేశాను.

"తప్పు నాదండి మామ్మగారూ! మీ మొక్కలకు కుంకుడు రసంతో తలంటింది నేనేనండి. జిగురంతా కడిగేశానండి."

వాకిలంతా కడుపు చెక్కలయ్యేలా నవ్వింది. మామ్మగారు ఒక్కరే నవ్వలేదు.

"ఆకు పోతే పోయిందండి అబ్బాయి గారూ. ఏడాది నుంచీ ఈ చెయ్యి చూసుకుని ఏడుస్తున్నాను. ఆ ముక్క ఆనాడే చెప్పకూడదూ?" అన్నారు. మరో మాట లేకుండా లేచి వెళ్ళి తొలి మొక్క నాటారు.

ఇప్పుడు ఆవిడ లేరు, నా తలా నెరిసింది. ఏటా లంకకు వెళ్ళి ఒక్క ఆకు పట్టుకు చూస్తాను. భోజనానికి పిలిచేదాకా ఆ జిగురు కడుక్కోను. మా ఆవిడ చెంబుతో నీళ్ళు పట్టుకొచ్చి, "కుంకుడు రసం కూడా తెమ్మంటారా అండీ?" అని అడుగుతుంది. నేను నవ్వుతూనే తల దించుకుంటాను.